నిగనిగలాడే టైర్లు

ఆ ఇంట్లో వాడకం కన్నా భద్రం ఎక్కువ. సోఫాకి తొడుగు, తొడుగు మీద దుప్పటి, దుప్పటి నలుగుతుందని దాని మీద ఎవరూ కూర్చోకుండా మామగారి కాపలా. టీవీ రిమోటు కొన్ననాటి ప్లాస్టిక్ సంచీలోంచి ఇంకా బయటికి రాలేదు. సంచీ మసకబారి అంకెలు కనపడక ఇంటిల్లిపాదీ గుడ్డి లెక్కన మీటలు నొక్కుకునేవారు. వీటన్నిటికీ తలమానికం కారు. పదకొండేళ్ళ కిందట కొన్న ఆ తెల్ల కారుని మామగారు కంటికి రెప్పలా చూసుకున్నారు. చూసుకోవడమే గానీ నడిపింది తక్కువ. ఆదివారం పొద్దున ముసుగు తీసి, కడిగి, తుడిచి, టైర్లకి నల్లటి పాలిష్ పట్టించి, వీధి చివరిదాకా తీసుకెళ్ళి, వెనక్కి తెచ్చి మళ్ళీ ముసుగు కప్పేవారు. గిడ్డంగి అధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. సరుకు లోపలికి వస్తే ఆయన మొహం వెలిగేదనీ, బయటికి పోతుంటే కన్నకూతుర్ని సాగనంపుతున్నట్టు నిలబడేవారనీ అత్తగారు చెబుతూ ఉంటారు.

అలాంటి కారు ఇప్పుడు ఊరు దాటబోతోంది. అదీ కోడలి చేతుల మీదుగా.

ఇదంతా అత్తగారి చలవ. మోకాళ్ళు మొరాయించి నడక తగ్గాక ఆవిడ, చిన్నప్పుడు అన్నదమ్ములతో ఆడి వదిలేసిన చదరంగాన్ని ఫోన్లో మళ్ళీ పట్టుకున్నారు. వంటింటి గట్టు మీద ఫోన్ ఆనించి, కూర కలుపుతూ ఒక ఎత్తు, మూత పెడుతూ ఒక ఎత్తు. తర్వాత ఊళ్ళో క్లబ్బులో చేరారు. గుర్రాలతో ఎదుటివాళ్ళకి ఊపిరాడనివ్వరని అక్కడివాళ్ళు ఆవిడకి గుర్రాలత్త అని పేరు పెట్టేశారు. ఆ గుర్రాలత్త ఇప్పుడు అరవై దాటిన ఆడవాళ్ళ పోటీలో ఒక్కొక్కరినీ ఓడించుకుంటూ ఫైనల్ దాకా వచ్చి కూర్చున్నారు. ఆట మధ్యాహ్నం, దూరాన ఉన్న పెద్ద ఊళ్ళో. ఎదురుగా కూర్చోబోయేది ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. వరసగా మూడేళ్ళ నుంచీ కప్పు ఆవిడ ఇంట్లోంచి కదలలేదు.

ఆ ఆటకి ఒక కఠినమైన నియమం ఉంది. ఇద్దరికీ చెరొక గడియారం. చెప్పిన వేళకి మనిషి వచ్చినా రాకపోయినా గడియారం నొక్కేస్తారు. రానివాళ్ళ సమయం అలా కరిగిపోతూనే ఉంటుంది. అంతా కరిగిపోతే, ఒక్క బంటు కూడా కదపకుండానే ఓడిపోయినట్టు.

భర్తకి కరెంటు ప్లాంటులో సెలవు దొరకలేదు. మామగారికి ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది. అద్దె కారు మాట్లాడదామని కోడలు అంటే ఆయన నొచ్చుకున్నారు. ఇంట్లో ఏనుగు లాంటి కారు పెట్టుకుని అద్దె బండి ఎక్కితే నలుగురూ నవ్వరా అన్నారు. అలా తాళాలు కోడలి చేతికి వచ్చాయి. లైసెన్సు తీసుకున్నాక ఆమె ఆ చక్రం పట్టింది కూరగాయల కొట్టుదాకా, మహా అయితే ఆసుపత్రిదాకా. అదైనా పక్క సీట్లో మామగారు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటేనే. ఇప్పుడు పెద్ద రోడ్డు. తాళాలు అందుకున్న క్షణం నుంచీ ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆనందం ఆనందమే, పని పనే. మందు సీసాతో వచ్చే చిన్న కాగితాన్ని కూడా చివరి అక్షరం దాకా చదివే మనిషి ఆమె. ముందురోజు సాయంత్రం కారుతో వచ్చిన పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పి, కుర్చీలో కూర్చుని టైర్ల అధ్యాయం రెండుసార్లు చదివింది. బయల్దేరే రోజు పొద్దున్నే, ఇంజను ఇంకా చల్లగా ఉండగా, తను కొనుక్కున్న గాలి కొలిచే గేజి పట్టుకుని టైర్ల చుట్టూ తిరిగింది. మొదటి టైరు దగ్గరే కనుబొమలు ముడిపడ్డాయి. రెండోదీ అంతే. ఆమె వంగి, మీట నొక్కి గాలి వదలడం మొదలెట్టేసరికి మామగారు వరండా మీంచి ఒక్క ఉదుటున వచ్చారు.

“గాలి తీసేస్తున్నావేంటమ్మాయ్? దూరం పోయే బండి, నిండా ఉండాలి.”

“నిండా అంటే ఎంతో తలుపు పక్కన స్టిక్కరు మీద రాసుంది మామయ్యా. ఇందులో దానికన్నా చాలా ఎక్కువుంది. ఎండలో పరిగెత్తేకొద్దీ ఇంకా పెరుగుతుంది.”

“బంకులో అబ్బాయికి తెలీదా ఎంత పట్టాలో?”

“తెలుసు. మీరే ఇంకొంచెం, ఇంకొంచెం అన్నారట. అత్తయ్య చెప్పారు.”

“నేనేం చెప్పలేదు,” అన్నారు అత్తగారు అప్పటికే వెనక సీట్లో సర్దుకుని కూర్చుని. “చూసింది అన్నానంతే.”

గాలి సరిచేశాక కోడలు టైరు పక్కన గొంతుక్కూర్చుని ఇంకేదో వెతకసాగింది. టైరు ఏ ఏడు, ఏ వారంలో తయారైందో నాలుగంకెలు దాని ఒంటి మీదే ఉంటాయని పుస్తకంలో చదివింది. అయిదారేళ్ళు దాటాయంటే అరగకపోయినా అనుమానంతో చూడాలట. నాలుగు టైర్ల బయటి వైపూ వేలితో తడిమింది. అంకెలు లేవు. లోపలి వైపుకి తిరిగి ఉన్నాయి కాబోలు. అక్కడికి తల దూర్చే సందు లేదు. చేతికి మాత్రం నల్లటి పాలిష్ జిడ్డుగా అంటుకుంది. సంగతేమిటని అడిగిన మామగారికి చెబితే ఆయన నవ్వారు.

“టైరేమన్నా మందు బిళ్ళా తేదీ చూసుకోడానికి? గాడి చూడు, గోరంతా దిగుతుంది. ఇది వీధి దాటిందెప్పుడమ్మా అరగడానికి? కొత్తదానికీ దీనికీ తేడా చూపిస్తే మీసం తీయించుకుంటా.”

“ఉంటే గదా తీయడానికి,” అన్నారు అత్తగారు వెనక సీటు లోంచి.

గాడి నిజంగానే లోతుగా ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది, తలంటుకుని నూనె రాసుకున్న జుట్టులా. కోడలి మనసులో ఒక మూల ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నా, వాదించడానికి చేతిలో అంకె లేదు. పైగా డిక్కీలోకి మామగారు ఎక్కించిన సామాను దించడానికే ఆలస్యమైంది. ఒక్క పూట ప్రయాణానికి ఆయన రెండు పెద్ద నీళ్ళ డబ్బాలు, మడత కుర్చీలు, ఒక పాత ఇనప పెట్టె సర్దారు. ఇంత బరువు టైర్ల మీద పడకూడదని ఆమె ఒక్కొక్కటే దించింది. ఆయన ఒక్కొక్కటే చూస్తూ నిట్టూర్చారు.

పెద్ద రోడ్డు ఎక్కగానే ముల్లు సంగతి మర్చిపోయింది. రెండు వైపులా పొలాలు పరిగెత్తుతున్నాయి. గాలి కిటికీలోంచి లోపలికి దూరి అత్తగారి జుట్టుని రేపుతోంది. ముందు లారీకి తగినంత ఎడం వదిలి, గుంత కనపడితే ముందుగానే జోరు తగ్గించి, పక్కకి తప్పుకోవాలంటే అద్దం చూసుకుని, కోడలు బండిని వెన్నలా నడిపింది. తను ఇంత బాగా నడపగలదని ఆమెకే తెలియదు. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది. వెనక అత్తగారు కళ్ళు మూసుకుని లేని బోర్డు మీద ఆడుకుంటున్నారు. మధ్యమధ్య గాల్లో వేలితో ఏదో జరిపి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ వెనక్కి జరుపుతున్నారు.

మామగారు మాత్రం గడియారం చూసుకుంటూ, డిక్కీ ఖాళీ చేసిన ఆలస్యం ఇక్కడ పూడ్చాలని, వంద దాటించమని నస పెట్టారు. రోడ్డు పక్క బోర్డు మీద ఎనభై అని ఉందని ఆమె చూపించింది. బోర్డుకేం, అది నిలబడి ఉంటుంది, మనమే వెళ్ళాలి అన్నారాయన.

అప్పుడే చేతిలోని స్టీరింగు చక్రంలో ఏదో కదిలింది. చాలా సన్నగా. పక్క గదిలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు. ఆమె మామగారికి చెప్పింది. చాలారోజులు ఒక్కచోట నిలబెట్టిన బండి కదా, టైరు కింది భాగం చదును తేలుతుంది, వేడెక్కితే అదే సర్దుకుంటుంది అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. పుస్తకంలోనూ ఉంది. కొంత దూరం వెళ్ళేసరికి అదురు నిజంగానే తగ్గింది కూడా. మామగారు గెలిచినట్టు మొహం పెట్టి సీటు వెనక్కి వాల్చుకున్నారు.

తర్వాత మళ్ళీ మొదలైంది. ఈసారి చక్రంలో కాదు, సీటు కింద. దబ్, దబ్, దబ్ అని, జోరు పెరిగితే పెరుగుతూ, తగ్గితే తగ్గుతూ. వెనక ఎడమ వైపు నుంచి.

“నా ఏనుగు ఎగిరెగిరి పడుతోందేంటే?” అన్నారు అత్తగారు కళ్ళు తెరిచి.

గట్టిగా బ్రేకు తొక్కాలని కోడలి కాలు తహతహలాడింది. తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, చక్రం రెండు చేతులా బిగించి, ఇండికేటరు వేసి, బండి దానంతట అది నెమ్మదించేదాకా ఆగింది. రోడ్డు పక్కన మూసి ఉన్న గోదాము ముందు చదునైన నేల కనపడగానే, తారు దాటి బాగా లోపలికి తీసుకెళ్ళి ఆపింది.

ఇప్పుడు ఆపితే ఆట చేజారిపోతుందని మామగారు వాపోయారు. రోడ్డు బాగోక వచ్చే చప్పుడుకి ఇంత హంగామా ఎందుకన్నారు. ఆమె దిగి వెనక్కి వెళ్ళింది. ఎడమ టైరు మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి తీసుకుంది. పెనం మీంచి వచ్చినంత వేడి. పక్కగోడ మీద నిమ్మకాయంత బొబ్బ ఉబికి ఉంది.

సీసాలో నీళ్ళతో గుడ్డ తడిపి ఆమె ఆ బొబ్బ చుట్టూ గట్టిగా రుద్దింది. గుడ్డ నల్లబడింది. ఇంకా రుద్దింది. ఏళ్ళ తరబడి ఆదివారం ఆదివారం పట్టించిన పాలిష్ పొరలు పొరలుగా ఊడి, అసలు రబ్బరు బయటపడింది. ఎండిపోయి, బూడిదరంగు తిరిగి, నిలువునా అడ్డంగా పగుళ్ళు. చెప్పుల్లేకుండా తిరిగినవాళ్ళ మడమలు చూసినట్టుంది.

మామగారు వచ్చి వంగారు. ఆపరేషనైన కన్ను చికిలించి చూశారు. జేబులోంచి ఇస్త్రీ మడత విప్పని చేతిరుమాలు తీసి, కోడలు తుడవని చోట తనే తుడిచారు. అక్కడా పగుళ్ళే. పక్క టైరు దగ్గరికి వెళ్ళి అదీ తుడిచారు. తర్వాత ముందు టైర్లు రెండూ. తెల్ల రుమాలు బొగ్గుల సంచీ అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నారు.

ఇక స్పేర్ టైరు ఒక్కటే గతి. డిక్కీలో తివాచీ ఎత్తితే అది షోరూము వాళ్ళు చుట్టిన ప్లాస్టిక్కులోనే ఉంది, పురిటి బిడ్డలా. కోడలు ప్లాస్టిక్కు చింపింది. వెతుకుతున్న నాలుగంకెలు పైవైపునే ఉన్నాయి, కొట్టొచ్చినట్టు. కారు కొన్న ఏడాదికి ముందు ఏడాదివి.

“అంటే అయిదుగురూ ఒక్క కాన్పు వాళ్ళేనన్నమాట,” అన్నారు అత్తగారు కిటికీలోంచి.

గేజి పెట్టి చూస్తే గాలి సగమే ఉంది. దానికి మందు మామగారి దగ్గరే దొరికింది. కారుతో పాటు కొన్న కాలి పంపు ఒకటి సీటు కింద, సీలు వేసిన డబ్బాలో ఉంది. డబ్బా చేతికి తీసుకుని ఆయన ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత కళ్ళు మూసుకుని చర్రున సీలు చింపి, పంపు నేల మీద పెట్టి, పంచెకట్టు మనిషి కాలవ దాటినట్టు ఒక కాలు ఎత్తెత్తి తొక్కడం మొదలుపెట్టారు. ఈలోగా కోడలు హ్యాండ్ బ్రేకు బిగించి, ఎదురు మూల చక్రం కింద రాయి పెట్టి, బండి లేపకముందే నట్లు వదులు చేసి, అప్పుడు జాకీ ఎత్తింది. ఒక్క మెట్టు తప్పలేదు. బొబ్బ టైరు ఊడి స్పేరు ఎక్కేసరికి ఆమె మెడ మీద చెమట ధార కట్టింది.

అసలు తగువు అప్పుడు వచ్చింది. స్పేరు ఎక్కింది కదా, ఇక ఒక్క ఊపున వెళ్ళిపోదాం అన్నారు మామగారు. బొబ్బ పోయింది, మిగతావి ఇంతదూరం మోశాయి, ఆ కాస్త దూరం మోయవా? చిన్న ఊళ్ళోకి తిరిగి టైర్ల కొట్టు వెతుక్కుంటూ కూర్చుంటే అక్కడ గడియారం నొక్కేస్తారు. ఇంత కష్టపడి ఫైనల్ దాకా వచ్చింది మీ అత్తయ్య, ఈ ఒక్కపూట దేవుడి మీద భారం వేసి తొక్కమ్మా అన్నారు. ఆయన గొంతులో మొండితనం లేదు, బెంగే ఉంది. అందుకే కోడలికి కాదనడం మరింత కష్టమైంది. ఆమెకి కూడా అత్తగారు ఆ బోర్డు ముందు కూర్చోవాలనే ఉంది. ఎవరికన్నా ఎక్కువగా ఉంది. కానీ తుడిచిన టైర్లు మూడూ పగుళ్ళ నోళ్ళు తెరుచుకుని ఆమె వైపే చూస్తున్నాయి.

“నేను నలభై దాటించను మామయ్యా,” అంది. “లైట్లు మినుకుమినుకుమనిపిస్తూ ఎడమ అంచునే, ముందొచ్చే టైర్ల కొట్టు దాకా. అది దాటి ఈ టైర్ల మీద వెళ్ళను. అత్తయ్యా, మీ ఆట పోతుందేమో. నన్ను తిట్టండి, పడతాను.”

అత్తగారు ఆమె మసి మొహాన్ని చూశారు, తర్వాత భర్త మసి చేతుల్ని.

“ఆలస్యంగా తీసుకెళ్తే సగం టైములో ఆడతాను. ముక్కలుగా తీసుకెళ్తే నా తరఫున ఎవరు కూర్చుంటారు, ఈయనా? గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలీదు ఈయనకి. పోనీయ్యి అమ్మాయ్, నలభైలోనే పోనీయ్యి.”

నత్త నడకన సాగారు. మోపెడ్ మీద పాలవాడొకడు పక్కనించి దాటిపోతూ జాలిగా చూశాడు. కోడలు అత్తగారి చేత పోటీ వాళ్ళకి ఫోన్ చేయించింది. పోటీ నిర్వాహకుడు మర్యాదగానే విన్నాడు గానీ నియమం నియమమే అన్నాడు. వేళకి గడియారం నొక్కుతారు. సమయం పూర్తిగా కరిగేలోపు ఎప్పుడొచ్చినా కూర్చోనిస్తారు. అత్తగారు సరేనని ఫోన్ పెట్టేసి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు మాత్రం ఒడిలో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

టైర్ల కొట్టు చిన్న ఊరి మొదట్లోనే దొరికింది. బయట టైర్లు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి, లోపల గాలి యంత్రం రొద. కొట్టాయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. కోడలు కొలత చెప్పి, టైర్ల వయసు తను చూశాకే ఎక్కించాలంది. చూసుకోండమ్మా, మీరు తేదీ చూసేలోగా నేను రెండు చక్రాలు విప్పేస్తా అని అతను నవ్వి, అన్నంత పనీ చేశాడు. ఆమె సెల్ ఫోన్ లైటు వేసుకుని ఒక్కో టైరు అంకెలు చదివింది. కొన్ని నెలల కిందటివే. కానీ ఆ కొలతవి రెండే ఉన్నాయి. ఇంకో రెండు ఆ వీధి చివర గోడౌన్లో ఉన్నాయి, పనివాళ్ళు ఎక్కడికో వెళ్ళారు, వచ్చాక తెప్పిస్తానన్నాడు.

రెండు చాలవా అనే ప్రశ్న అందరి మొహాల మీదా తిరిగింది. సరిగ్గా అప్పుడే, డిక్కీలోంచి దించి యంత్రం మీద పెట్టిన బొబ్బ టైరు రిమ్ము నుంచి ఊడి నేల మీద పడింది. దాని లోపలి పొర విడిపోయి, చిరిగిన చెప్పు అంచులా వేళ్ళాడుతోంది. మామగారు వంగి ఆ పొరని చేత్తో పట్టుకుని లాగారు. అది ఏ కష్టమూ లేకుండా ఊడొచ్చింది. తన వేళ్ళ మధ్య ఉన్న ఆ ముక్కని ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

“వంద దాటించమన్నాను,” అన్నారు మెల్లగా. ఎవరితోనూ కాదు.

మరుక్షణం ఆయన కొట్టాయన చేతిలోంచి గోడౌను తాళం లాక్కున్నంత పని చేసి వీధిలోకి పరిగెత్తారు. పరుగు అని ఊరికే అనడం కాదు, నిజంగానే పరుగు. కోడలు ఆయన పరిగెత్తగా చూడటం అదే మొదలు. అత్తగారు స్టూలు మీంచి సగం లేచారు. కొట్టాయన నిలబడిపోయాడు. కాసేపటికి వీధి మలుపులో ఒక వింత ఆకారం కనపడింది. చెరో భుజానికీ ఒక టైరు తగిలించుకుని, ఇస్త్రీ చొక్కా మీద నల్లటి చారలతో, ఆయాసంతో ఈలలు వేస్తూ మామగారు వస్తున్నారు.

“చూస్తారేం, ఎక్కించండి నాలుగూ,” అన్నారు టైర్లు దించి. “ముందువి పాతవుంచుకుని వెనకవి కొత్తవి వేసుకుంటే, ముందు కూర్చునేవాళ్ళ ప్రాణాలు చవకా?”

కొట్టాయన చేతులు ఇక ఆగలేదు. కొత్త వాల్వులు, గాలి, బ్యాలన్సు. చక్రం యంత్రం మీద గిర్రున తిరుగుతుంటే అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. ఈ గొడవలో గడియారం వైపు ఎవరూ చూడలేదు, చూస్తే భయమేస్తుందని. నట్లు బిగించాక కోడలు తనే ఒకసారి పానా పెట్టి చూసుకుంది. బండి ఎక్కాక అత్తగారు చల్లగా చెప్పారు, నా గడియారం నొక్కేసి చాలాసేపయిందర్రా అని.

మళ్ళీ పెద్ద రోడ్డు. కారు ఇప్పుడు నీళ్ళ మీద పడవలా జారుతోంది. కోడలు బోర్డు మీద ఉన్న ఎనభైకి ముల్లు తెచ్చి అక్కడ నిలిపింది. తన గుండె మాత్రం ఏ బోర్డునీ లెక్కచేయకుండా పరిగెడుతోంది. ఒకచోట ముల్లు కొద్దిగా ముందుకి కదిలితే పక్క సీటు లోంచి గొంతు వినపడింది, ఎనభై అనే కదా రాసింది అని. కొత్త టైర్లని మొదట్లో కాస్త మెత్తగా చూసుకోవాలి, బ్రేకు ముందుగా వేసుకో, ఆ లారీకి ఇంకొంచెం ఎడం ఇవ్వు అని ఆయన దారంతా చెబుతూనే ఉన్నారు. పొద్దున్న వంద దాటించమన్న మనిషే. అత్తగారూ కోడలూ అద్దంలో ఒకరినొకరు చూసుకుని, నవ్వు బయటికి రాకుండా చెరోవైపుకి తల తిప్పుకున్నారు.

హాలు ముందు బండి ఆగీ ఆగగానే అత్తగారు దిగారు. ఆ మోకాళ్ళతో అంత విసురుగా మెట్లెక్కడం కూడా కోడలు అదే మొదలు చూడటం. లోపల అందరూ అటే తిరిగారు. బోర్డుకి ఒకవైపు హెడ్మిస్ట్రెస్, ఇస్త్రీ మడత నలగని చీరలో, అప్పటికే గెలిచినంత నింపాదిగా కూర్చుని ఉన్నారు. రెండో వైపు ఖాళీ కుర్చీ, దాని పక్కన గుడ్లప్పగించి తిరుగుతున్న గడియారం. అత్తగారి సమయంలో మిగిలింది చిన్న ముక్క. ఆవిడ కూర్చుని, నమస్కారం పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని, మొదటి బంటుని ముందుకి జరిపారు.

కోడలు గాజు తలుపు అవతల నిలబడింది. చేతులకింకా గ్రీజు వాసన. మామగారు తను చూడలేనంటూ బయటికి వెళ్ళిపోయారు.

హెడ్మిస్ట్రెస్‌కి సమయం దండిగా ఉంది. అదే ఆవిడ కొంప ముంచింది. ఎదుటివాళ్ళ గడియారం అయిపోతోంది కదా, తొందరపెట్టేస్తే చాలనుకున్నారు. ఆలోచించాల్సిన చోట ఆలోచించకుండా ఠకీ ఠకీమని ఎత్తులు వేయసాగారు. అత్తగారు ఆ జోరులో పడలేదు. ఒక్కో ఎత్తుకీ బోర్డు ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకసారి కళ్ళతో చుట్టి వచ్చి అప్పుడే చెయ్యి ఎత్తారు. గడియారంలో మిగిలింది పిడికెడే. తలుపు పిడి పట్టుకున్న ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి.

అప్పుడు హెడ్మిస్ట్రెస్ ఒక శకటాన్ని ఊపుగా పక్కకి లాగారు. లాగి చెయ్యి వదిలీ వదలగానే ఆవిడ మొహం మారింది. అత్తగారి చెయ్యి కదలలేదు. మళ్ళీ ఒకసారి బోర్డంతా చూసుకున్నారు. ఆ తర్వాత గుర్రాన్ని ఎత్తి, రెండు బంట్ల మీదుగా దూకించి, రాజునీ మంత్రినీ ఒకేసారి కొట్టే గడిలో కూర్చోబెట్టారు. రాజుని కాపాడుకుంటే మంత్రి పోతుంది. మంత్రి పోయాక ఇక ఆట లేదు. హెడ్మిస్ట్రెస్ చాలాసేపు కూర్చున్నారు, సమయం ఉంది కాబట్టి. ఆలోచించాల్సిన వేళ మాత్రం అప్పటికే దాటిపోయింది. చివరికి ఆవిడ నవ్వి, చెయ్యి చాపారు.

కోడలు తలుపు తోసుకుని లోపలికి ఎప్పుడు పరిగెత్తిందో తనకే తెలియదు. అత్తగారి తెల్ల చీర మీద ఆమె గ్రీజు చేతుల ముద్రలు రెండు పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు. కప్పు ఇచ్చారు, చప్పట్లు కొట్టారు, ఎవరో ఫోటో తీశారు. హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వచ్చి, అంత ఆలస్యంగా వచ్చి కూడా అంత తాపీగా ఎలా ఆడారండీ అని అడిగారు. మా కోడలు నడిపే కారులో వచ్చానండీ అన్నారు అత్తగారు, అదే సమాధానమన్నట్టు.

ఇంతలో మామగారేరి అని చూస్తే లేరు. హెడ్మిస్ట్రెస్‌తో సహా ముగ్గురూ కబుర్లాడుకుంటూ వెతుక్కుంటూ బయటికి వచ్చారు. వాహనాలు నిలిపే చోట, చివరి వరసలో, ఒక నీలం కారు పక్కన ఆయన నేల మీద మోకాళ్ళు ఆన్చి కూర్చుని ఉన్నారు. మసి రుమాలు తడిపి ఆ కారు టైరుని గట్టిగా తోముతున్నారు. పక్కన ఇంకో ఇద్దరు పెద్దమనుషులు చేతులు కట్టుకుని భయంభయంగా చూస్తున్నారు. ఆయన వాళ్ళకి చెబుతున్నారు, పైన మెరుపు చూసి మోసపోకండి, అంకెలు లోపలి వైపున్నాయంటే జాకీ ఎత్తైనా చూసుకోవాలి, స్పేరు కూడా వదలకూడదు అని.

“అది నా కారండీ,” అన్నారు హెడ్మిస్ట్రెస్, అయోమయంగా.

అత్తగారు కప్పు పైకెత్తి ఆయనకి కనపడేలా ఆడించారు. “ఏమండీ, గెలిచాను.”

ఆయన తలెత్తి చూశారు. నల్లటి మొహం మీద పళ్ళు తెల్లగా మెరిశాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. కానీ లేవలేదు.

“తెలుసే, చప్పట్లు వినపడ్డాయి. ఒక్క నిమిషం ఆగు, ఈవిడ వెనక టైర్లు ఇంకా చూళ్ళేదు.”